మెడిసిన్ చదివిన చెల్లెలు

హాసినికి అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే: అక్క చచ్చిపోయిందని ఫోన్ వస్తే తనకి ఏడుపు రాదేమోనని.

మిగతా భయాలు లేవని కాదు. పిల్ల వేదకి జ్వరం తగ్గదేమోనని భయం. లిఫ్ట్ మధ్యలో ఆగిపోతుందేమోనని భయం. వీసా స్టాంపింగ్‌కని ఇండియా వెళ్ళి, అపాయింట్‌మెంట్ వెనక్కి జరిగిపోయి హైదరాబాద్‌లో కూర్చుండిపోయిన మొగుడు దివాకర్ ఇక రాలేడేమోనని భయం. జెర్సీ సిటీలో ఇరవై రెండో అంతస్తులో, రెండున్నరేళ్ళ పిల్లతో ఒక్కతే ఉన్న మనిషికి భయాలకేం కరువు? కానీ అవన్నీ నలుగురితో చెప్పుకోదగ్గవి. కింద ప్లే ఏరియాలో తోటి తల్లులతో అంటే "అయ్యో, మాకూ అంతేనండీ" అంటారు. ఇది మాత్రం ఎవరితోనూ అనలేదు. మొగుడితో కూడా.

ఇవాళ్టికి నాలుగు రోజులుగా అక్క ఫోన్ ఎత్తడం లేదు.

అక్క పేరు రాగిణి. హాసిని కన్నా ఎనిమిదేళ్ళు పెద్దది. నార్త్ కరోలినాలో, మోరిస్‌విల్‌లో కూతురు అదితితో ఉంటుంది. ఆమె భర్త దామోదర్ ఏడాదిన్నర క్రితం ఉద్యోగం మారి దేశం ఆ చివరనున్న సన్నీవేల్ వెళ్ళాడు. మొదట్లో నెలకోసారి వచ్చేవాడు. తర్వాత పండక్కి వచ్చేవాడు. ఆ తర్వాత ఎప్పుడొచ్చాడో హాసినికి తెలియదు. అడగలేదు. అడిగేంత మాటలు వాళ్ళిద్దరి మధ్య మిగల్లేదు.

ఒకప్పుడు అలా కాదు.

కందుకూరులో వాళ్ళ నాన్న వీరభద్రానికి మోటార్లకి వైండింగ్ కట్టే షాపు ఉండేది. ఇంట్లో రాగి తీగలూ, వార్నిషు వాసనా తప్ప పుస్తకమంటూ ఉంటే అది అక్కదే. అక్క చెంబులో వేలు ముంచి వంటింటి గచ్చు మీద ఇంగ్లీషు అక్షరం రాసేది. అది ఆరిపోయేలోపు చెల్లెలు చదవాలి. ఎండాకాలం అయితే అక్షరం చివరికి వచ్చేసరికి మొదలు ఆరిపోయేది. "చూశావా, గబగబా చదవాలే మొద్దూ" అనేది అక్క. కరెక్టుగా చదివితే నుదుటి మీద తడి వేలితో చుక్క పెట్టేది. ఆ చల్లదనం కోసమే హాసిని ఇరవై ఆరు అక్షరాలూ నేర్చుకుంది. అక్క హాస్టల్‌కి వెళ్ళిపోయిన రోజు మంచం కింద దూరి సాయంత్రం దాకా బయటికి రాలేదు. అక్క ఎమ్మెస్‌కని అమెరికా వెళ్ళాక, బళ్ళో ఎవరు ఏ గొప్ప చెప్పినా "మా అక్క అమెరికాలో ఉంది తెలుసా" అని అడ్డం పడేది. తనకంటూ వేరే గొప్ప ఉండాలని కూడా అనిపించేది కాదు. అక్క గొప్పే సరిపోయేది.

హాసిని డిగ్రీ రెండో ఏడాదిలో ఉండగా అక్కకి కాన్పు వచ్చింది. వెళ్ళాల్సిన అమ్మకి ఆ ముందే గుండె ఆపరేషన్ అయింది, విమానం ఎక్కొద్దన్నారు డాక్టర్లు.

"హాసినిని పంపించమ్మా" అంది అక్క ఫోన్‌లో.

"దానికి మార్చిలో పరీక్షలంటనే" అంది అమ్మ.

"పరీక్షలదేముంది, మళ్ళీ రాసుకోవచ్చు. అమెరికా మళ్ళీ మళ్ళీ వస్తదా?"

ఎవరూ బలవంతం చెయ్యలేదు, అది మాత్రం చెప్పుకోవాలి. హాసిని ఎగిరి గంతేసింది. వీసా ఇంటర్వ్యూకి ముందు నెలరోజులు అక్క రోజూ వీడియో కాల్‌లో పాఠం చెప్పినట్టు చెప్పింది.

"హెల్ప్ అన్న మాట నోట్లోంచి రాకూడదు. పాపని చూసుకోడానికి పోతున్నా అన్నావా, అక్కడికక్కడే రిజెక్ట్. ఎందుకు వెళ్తున్నావ్?"

"మా అక్కని చూడ్డానికి."

"ఇంకా?"

"ఇంకేం లేదు. మా అక్కని చూడ్డానికి."

"శెభాష్. ప్రాణం పోయినా ఆ ముక్క మీదే ఉండు."

హాసిని ఆ ముక్క మీదే ఉంది. వీసా ఇచ్చారు. పంతొమ్మిదేళ్ళ పిల్ల, అంతకుముందు వీసా పనికి తప్ప నెల్లూరు దాటి ఎరగదు, ఒంటరిగా రెండు విమానాలు మారి వచ్చి, ఎయిర్‌పోర్టులో నిండు పొట్టతో నిలబడ్డ అక్కని చూసి బావురుమంది. అప్పట్లో ఏడుపు అంత తేలిగ్గా వచ్చేది.

అదితి పుట్టింది. ఆ పిల్లకి నీళ్ళు పోసింది, నలుగు పెట్టింది, పాలు పట్టింది, భుజానేసుకుని తట్టింది అంతా హాసినే. అక్కకి ఆరువారాలకే ఆఫీస్ మొదలైంది. ఇంట్లోంచే పని, కానీ గది తలుపు వేసుకుని చేసే పని. బయటికొస్తే ఫోన్, ఫోన్ అయ్యాక ల్యాప్‌టాప్. హాసిని తప్పు పట్టలేదు. అక్క కష్టపడుతోంది, తను వచ్చిందే అందుకు.

పాపకి రెండో నెలలో ఒకరోజు, నీళ్ళు పోశాక సాంబ్రాణి వేద్దామని హాసిని ఇండియన్ స్టోర్‌లో దొరికిన బొగ్గుబిళ్ళ ముట్టించింది. గిన్నె మీద జల్లెడ బోర్లించి, పాప తల ఆరబెడుతోంది. పైన గోడకున్న పొగ అలారం గీపెట్టింది. ఇంట్లోదే కాదు, బిల్డింగ్ మొత్తం. పది నిమిషాల్లో ఎర్ర ఫైరింజను. మూడంతస్తుల వాళ్ళూ చలిలో పార్కింగ్‌లో నిలబడ్డారు. హాసిని తడితల పాపని కొంగులో చుట్టుకుని అందరికన్నా వెనక నిలబడింది. హెల్మెట్ పెట్టుకున్న ఆఫీసరు వచ్చి ఏదో అడిగాడు. అక్క ముందుకొచ్చి, హాసిని భుజం చుట్టూ చెయ్యేసి, "షి ఈజ్ మై సిస్టర్. జస్ట్ విజిటింగ్" అంది.

అంతమంది ముందు. మై సిస్టర్ అని. హాసినికి ఆ రోజు జరిగిన గోలంతా మర్చిపోయి ఆ మాటే మిగిలింది.

మర్నాటి నుంచి సాంబ్రాణి మానలేదు, మార్గం కనిపెట్టింది. స్నానాలగదిలో తలకి పెట్టుకునే ప్లాస్టిక్ టోపీ ఉంటుందే, షవర్ క్యాప్, దాన్ని కుర్చీ ఎక్కి అలారానికి తొడిగేది. పొగ అయిపోయాక తీసేసేది. అక్క చూసి పడీపడీ నవ్వింది. "నీ బుర్రే బుర్రే. మా ఆఫీసులో కూడా ఇంత సొల్యూషన్ ఎవడూ చెప్పడు" అంది.

ఆర్నెల్ల వీసాని ఇంకో ఆర్నెల్లు పొడిగించారు. పరీక్షలు ఆ ఏడు పోయాయి, మళ్ళీ ఏడు కూడా పోతాయని అర్థమవుతూనే ఉంది. చుట్టాలెవరైనా అడిగితే "వెళ్ళాక రాస్తా" అనేది. అక్క ఇంటికి ఎవరైనా వస్తే హాసిని పాపకి నీళ్ళు పొయ్యాల్సిన టైమ్ అదే అయ్యేది. ఎప్పుడూ అదే టైమ్ ఎందుకవుతోందో ఆలోచించలేదు. వచ్చినవాళ్ళు "ఏమ్మా, బాగున్నావా" అని పలకరించి వెళ్ళేవాళ్ళు. తను అక్కని అందరి ముందూ అక్కా అనే పిలిచేది. అయితే పనికి వచ్చే అమ్మాయిలు కూడా ఇంటావిణ్ణి అలాగే పిలుస్తారన్న సంగతి అప్పటికి తట్టలేదు.

తట్టింది అదితి మొదటి పుట్టినరోజున.

అపార్ట్‌మెంట్ల క్లబ్‌హౌస్‌లో ఫంక్షన్. నూటపాతిక మంది. హాసిని తెల్లవారే లేచి పులిహోర కలిపి, మూల వంటగట్టు దగ్గర ప్లాస్టిక్ గ్లవ్స్ వేసుకుని కాగితం ప్లేట్లలో సర్దుతోంది. అక్క స్నేహితురాలు రాధారాణి అని ఒకావిడ, ఆరేడు నెలల కడుపుతో నెమ్మదిగా నడుచుకుంటూ వచ్చింది.

"ఏమ్మా, హాసిని కదూ నీ పేరు?"

"అవునండి."

"పాపని భలే చూసుకుంటున్నావే. మన తెలుగు పిల్ల దొరకడమంటే ఇక్కడ మాటలు కాదు. ఇంకెన్నాళ్ళుంటావ్ వీళ్ళ దగ్గర?"

"వచ్చే వారం వెళ్ళిపోతానండి."

"వెళ్ళిపోవడం దేనికి? మా ఇంటికి రాకూడదూ? మాకు ఏప్రిల్‌లో డెలివరీ. వంట కూడా చేస్తావట గదా?"

ఆవిడ వేళాకోళమాడుతోందనుకుని హాసిని నవ్వింది. "మా అక్క ఒప్పుకోవాలి గదండీ."

"రాగిణితో నేను మాట్లాడతాలే. తెలిసినవాళ్ళు పంపించారు, మంచి పిల్ల అని తనే చెప్పింది." ఆవిడ హాసిని ఫోన్ తీసుకుని తన నెంబర్ కొట్టి, పేరు కూడా తనే రాసి ఇచ్చింది. "వాళ్ళ చెల్లెలికి కుదర్లేదనుకుంటా. మెడిసిన్ అంటే సెలవులివ్వరు గదా. ఫస్ట్ బర్త్‌డేకైనా వస్తుందనుకున్నా. నువ్వు ఇండియాలో చూశావా ఆ అమ్మాయిని?"

హాసిని చేతిలో గరిటె ఆగింది. చుట్టూ పిల్లలు బెలూన్లు పగలగొడుతున్నారు. అక్కడ అక్క పట్టుచీర కట్టుకుని, పాపని ఎత్తుకుని ఫొటోలు దిగుతోంది.

"చూశానండి" అంది హాసిని.

"ఎలా ఉంటుంది?"

"అక్కలాగే ఉంటదండి."

మర్నాడు పొద్దున అక్క కాఫీ తాగుతుంటే అడిగింది. అక్క కప్పు దించలేదు.

"నేను చెప్పలేదే. వాళ్ళే అనుకున్నారు."

"కాదని చెప్పొచ్చు గదక్కా."

"ఎట్టా చెప్పేది? మొదటిసారి పార్కులో రాధారాణి అడిగినప్పుడు నీ అవతారం గుర్తుందా? నైటీ మీద నా జాకెట్టు, తలకి మఫ్లరు. పనికి వచ్చిన అమ్మాయా అంది. నేను ఏదో నసిగా. అంతకుముందే ఒకసారి, ఎవరికి వాళ్ళు తమ్ముళ్ళూ చెల్లెళ్ళ గొప్పలు చెబుతుంటే, మా చెల్లి మెడిసిన్ అని నోటికొచ్చేసింది. మెడిసిన్ చదివే పిల్ల ఏడాదిపాటు ఇక్కడ డైపర్లు మారుస్తోందంటే ఎవరు నమ్ముతారే?"

"డైపర్లు మార్చడానికే గదా డిగ్రీ వదిలేసి వచ్చా."

"నేను వదిలెయ్యమన్నానా? వెళ్ళి రాసుకో. ఎవరొద్దన్నారు?" అని, కాస్త ఆగి, గొంతు తగ్గించి, "నువ్వు అంత మనసుకి తీసుకోమాక. వీళ్ళు మనకేమవుతారు చెప్పు, మళ్ళీ కనపడతారా నీకు?" అంది.

అప్పుడు తెలిసింది హాసినికి. పార్కింగ్‌లో భుజం మీద పడ్డ చెయ్యి ఎందుకు పడిందో. ఆ ఆఫీసరు ముందు పనిమనిషి అంటే వీసాకి ముప్పు, అందుకని అక్కడ చెల్లెలు. మనవాళ్ళ ముందు చెల్లెలంటే పరువుకి ముప్పు, అందుకని ఇక్కడ పనిమనిషి. రెండుచోట్లా అక్క తనకి ఏది సుఖమో అదే చెప్పింది. నిజం ఒకసారి కలిసొచ్చింది, అంతే.

ప్రేమ ఆ రోజే పోయుంటే బాగుండేది. పోలేదు. విమానం ఎక్కేటప్పుడు అదితి తన జడ పట్టుకుని వదలకపోతే, వేళ్ళు ఒక్కొక్కటే విడదీసింది రాగిణే. హాసిని కందుకూరు దాకా ఏడుస్తూనే ఉంది. ఇంటికెళ్ళాక కాలేజీలో సిలబస్ మారిందన్నారు, మళ్ళీ మొదటి నుంచి చేరమన్నారు. అమ్మకి కూడా ఎవరో ఒకరు ఉండాలి. అలా చదువు అక్కడితో ఆగింది. అక్క ఫోన్ చేసినప్పుడల్లా మాట్లాడేది. కానీ మాట్లాడుతూ మాట్లాడుతూ వేరే మనిషి గురించి ఆలోచించేది: ఆ మెడిసిన్ చదివే చెల్లెలు. ఈపాటికి థర్డ్ ఇయర్‌కి వచ్చుంటుంది. తెల్లకోటు వేసుకుని ఉంటుంది. దాని గురించి అక్క నలుగురిలో ఏం చెబుతోందో! లేని మనిషి మీద అంత అసూయ పడొచ్చని హాసినికి అంతకుముందు తెలియదు.

మూడేళ్ళకి దివాకర్‌తో పెళ్ళయింది. మంచివాడు, టెస్టింగ్ ఉద్యోగం, జెర్సీ సిటీ. అమెరికా మళ్ళీ వచ్చింది. వేద పుట్టినప్పుడు అక్క రెండు రోజులకని వచ్చింది, బట్టలు, బొమ్మలు తెచ్చింది. అదితికి అప్పటికి ఆరేళ్ళు. తలుపు దగ్గరే నిలబడి "హాయ్ హాసిని ఆంటీ" అంది.

హాసిని పచ్చిబాలింత. పక్క మీద నుంచే చెయ్యి చాచింది. "ఆంటీ ఏందమ్మా? పిన్నిని కదా నేను. పిన్నీ అను."

"బట్ మామ్ సెడ్ ఆంటీ" అంది పిల్ల, వాళ్ళమ్మ వైపు చూస్తూ.

"ఇక్కడ పిల్లలు అందర్నీ అట్టాగే అంటారులేవే" అంది రాగిణి, సూట్‌కేసు జిప్పు తీస్తూ. మొహం ఎత్తలేదు.

ఏడాదిపాటు ఛాతీ మీద పడుకోబెట్టుకుని పెంచిన పిల్ల, దారిన పోయే ఎవరినో పిలిచినట్టు పిలిచింది. అప్పుడు పోయింది ప్రేమ. పోయిన చోట ఖాళీగా కూడా లేదు. అక్కడ ఒక మాట తయారవడం మొదలుపెట్టింది. గిన్నెలు కడుగుతున్నప్పుడు, వేదని ఊపుతున్నప్పుడు హాసిని ఆ మాటని నూరుకుంటూనే ఉండేది. పైకి మాత్రం వాట్సాప్‌లో అక్క పుట్టినరోజుకి కేక్ బొమ్మ, ఉగాదికి పచ్చడి బొమ్మ పంపేది.

ఆ మాట వాడే అవకాశం పోయిన వారం వచ్చింది.

పట్టపగలు, వేదకి అన్నం పెడుతుంటే అక్క ఫోన్. గొంతు బొంగురుగా ఉంది.

"ఏమే, ఏం చేస్తన్నావ్?"

"పిల్లకి తినిపిస్తన్నా. చెప్పు."

"నా జాబ్ పోయి నెలపైన అయిందిలే. నీకు చెప్పలా. అరవై రోజుల్లో ఇంకోటి దొరక్కపోతే వీసా పోద్ది. ఆయన ఫోన్ ఎత్తట్లా. నాకు వారం నుంచి ఒళ్ళు కాలిపోతా ఉంది. లేస్తే కళ్ళు తిరుగుతున్నాయి. అదితికి కూడా జలుబు. నీలాగా సాంబ్రాణి వేశా పొద్దున, టోపీ తొడిగి." నవ్వబోయి దగ్గింది. "పదిరోజులు రావే. పిల్లని కూడా తీసుకురా. ఒక్కదాన్నే ఉండాలంటే భయంగా ఉందే."

రాగిణి నోటివెంట భయమన్న మాట హాసిని పుట్టి బుద్ధెరిగాక వినలేదు. ఒక్క క్షణం ఊగింది మనసు. కానీ ఆ మాట అప్పటికే నాలుక చివరికి వచ్చేసింది.

"వస్తాలే గానీ, అక్కడెవరన్నా అడిగితే నన్ను ఎవరని చెబుతావక్కా?"

అక్క నోరు తెరిచేలోపే మళ్ళీ తనే అంది.

"నన్నెందుకులే. ఉందిగా మెడిసిన్ చదివిన మీ చెల్లెలు, దాన్ని పిలిపించుకో. ఈపాటికి పెద్ద డాక్టర్ అయ్యుంటది. మందులు కూడా రాసిస్తది."

అక్క "సరేలే" అంది. అంతే. కోపంగా కాదు, ఏడుస్తూ కాదు. కూరగాయలు వద్దని చెప్పినట్టు సరేలే అని పెట్టేసింది.

చెబితే తప్పనుకుంటారు, కానీ ఆ రోజంతా హాసినికి పండగలా ఉంది. గుత్తివంకాయ చేసుకుని రెండుసార్లు వడ్డించుకుంది. రెండున్నరేళ్ళుగా నూరుకున్న మాట, ఒక్క అక్షరం తడబడకుండా అన్నది. మర్నాడు కూడా ఆ తీపి ఉంది. మూడోరోజు అక్క ఏమన్నా మెసేజ్ పెట్టిందేమో చూసింది. లేదు. తనే "జ్వరం తగ్గిందా" అని పెట్టింది. ఒక్క టిక్కే పడింది. రెండోది పడలేదు. ఫోన్ చేస్తే నేరుగా వాయిస్ మెయిల్‌కి పోయింది. సాయంత్రం కూడా అంతే. మర్నాడూ అంతే.

క్రిస్మస్ సెలవులు. అదితి బడికి రాలేదని అడిగేవాళ్ళుండరు. ఉద్యోగం పోయింది గనక రాగిణి మీటింగ్‌కి రాలేదని అడిగేవాళ్ళూ ఉండరు. దామోదర్‌కి చేస్తే, "అలిగుంటుంది, నాతోనూ ఇంతే. పోయి పోయి నాకు చెబుతావేంటి" అన్నాడు. అక్క ఫోన్‌లో అన్నది పదేపదే చెవిలో తిరుగుతోంది: టోపీ తొడిగి. తొడిగింది సరే. కళ్ళు తిరిగే మనిషి మళ్ళీ కుర్చీ ఎక్కి తీసిందా? ఆ ఇంట్లో బొగ్గు రాజేసి, అలారం నోరు మూసే విద్య నేర్పింది ఎవరు?

దివాకర్ హైదరాబాద్ నుంచి అన్నాడు: "పోలీసులకి ఫోన్ చెయ్యి. వెల్‌నెస్ చెక్ అంటే వాళ్ళే వెళ్ళి చూస్తారు."

"పోలీసులా? తల్లి మంచాన పడుంది, ఇంట్లో పొయ్యి వెలుగుతోందో లేదో, వీసా చూస్తే అట్టా ఉంది. పిల్లని తీసుకుపోతే?"

"తీసుకుపోరు హాసినీ."

"నువ్వు హామీ ఉంటావా?"

హాసిని ఆ ఫోన్ పెట్టేసింది. తనే వెళ్దామంటే వేదకి చెవిలో ఇన్ఫెక్షన్, నూటరెండు జ్వరం. విమానం ఎక్కించొద్దని డాక్టర్ గట్టిగా చెప్పాడు. కారు నడపడం రాదు. వేదని వదిలిపెట్టడానికి ఊళ్ళో మనుషుల్లేరు.

అప్పుడు గుర్తొచ్చింది ఆ నెంబర్. 'రాధారాణి మోరిస్‌విల్.' మూడు ఫోన్లు మారినా హాసిని దాన్ని తీసెయ్యలేదు. దెబ్బ తగిలిన చోటు అప్పుడప్పుడూ నొక్కి చూసుకున్నట్టు, తీసి చూసుకునేది. ఇవాళ మధ్యాహ్నం వేద నిద్రపోయాక చేసింది.

"హలో, ఎవరండీ?"

"నమస్తేనండి. నేను రాగిణి గారి చెల్లెల్ని."

"ఓ! డాక్టర్ గారా! ఎన్నాళ్ళకి! స్టేట్స్ వచ్చేశారా?"

ఏడేళ్ళుగా హాసిని ఈ ఘడియ కోసమే కూర్చుంది. కాదండీ, డాక్టరూ లేదు, గీక్టరూ లేదు, అదితి బర్త్‌డేలో పులిహోర వడ్డించింది నేనే, ఆ చెల్లెల్ని నేనే అంటే చాలు. అక్క కట్టుకున్న మేడంతా కూలిపోతుంది. నోరు తెరిచింది. డాక్టర్ అడిగితే ఆవిడ పరుగున వెళ్తుంది. పులిహోర పిల్ల అడిగితే?

"అవునండి" అంది హాసిని. "అక్కకి ఒంట్లో బాగోలేదు. ఫోన్ ఎత్తట్లేదు. ఒక్కసారి వెళ్ళి చూస్తారా?"

"అయ్యయ్యో! మేం డాలస్ వచ్చేసి మూడేళ్ళయిందండీ. ఈమధ్య తనెవరితోనూ టచ్‌లో లేదు, గ్రూపుల్లోంచి కూడా వెళ్ళిపోయింది." ఆవిడ గొంతు నిజంగానే బాధపడింది. "మీరంటే ప్రాణమండీ తనకి. ఎప్పుడు కూర్చున్నా మీ మాటే. చిన్నప్పుడు గచ్చు మీద తడి వేలితో ఏబీసీడీలు నేర్పించిందట గదా మీకు? నుదుటి మీద చుక్క పెట్టించుకోడానికి పరిగెత్తుకుంటూ వచ్చేవారట. ఆ కథ మా అందరికీ నోటికొచ్చు. హాస్టల్‌కి వెళ్తుంటే మంచం కింద దాక్కున్నారట."

ఆవిడ ఆపలేదు.

"వాళ్ళింట్లో ఒకమ్మాయి ఉండేది, పాపని చూసుకోడానికి. ఆ పిల్ల వెళ్ళిపోయిన వారం రాగిణి మా ఇంటికొచ్చి వెక్కివెక్కి ఏడ్చిందండీ. పనిపిల్ల కోసం ఇంత ఏడుపా అని నేను నవ్వాను కూడా."

హాసిని ఫోన్ పెట్టేసింది. తన చిన్నతనమంతా తీసుకెళ్ళి ఆ లేని డాక్టర్‌కి తొడిగింది అక్క. ప్రేమ నిజం, చెల్లెలు అబద్ధం. తనకి రావలసిన ముద్దంతా దానికి పెట్టి, తనకి గ్లవ్స్ ఇచ్చింది. తన కోసం ఏడవడానికి కూడా పరాయి ఇంటికి పోయి, పరాయి మనిషి కోసమన్నట్టు ఏడ్చింది. క్షమించడానికి ఇది చాలదు. మరి ద్వేషించడానికి? దానికీ చాలకుండా పాడు చేసింది రాధారాణి.

ఏడుపు ఇంకా రాలేదు. అదే భయం. మళ్ళీ నొక్కితే మళ్ళీ వాయిస్ మెయిల్.

రేపు పొద్దుటికి ఏ కబురూ తెలియకపోతే పోలీసులకే చేస్తుంది, పిల్ల సంగతి ఏమైతే అదవుతుందని. కానీ ఈలోపు, ఇది చదువుతున్న వాళ్ళలో ఎవరైనా మోరిస్‌విల్‌లో ఉంటే, ఒక్కసారి వెళ్ళి చూడండి. చెరువు దాటాక ఎడమవైపు ఎర్ర ఇటుకల అపార్ట్‌మెంట్లు, మూడో బిల్డింగ్, పై అంతస్తు. తలుపుకి రంగు వెలిసిన ప్లాస్టిక్ మామిడాకుల తోరణం ఉంటుంది. బెల్ పనిచెయ్యదు, గట్టిగా తట్టండి. తలుపు తీస్తే ముందు లోపలికి వెళ్ళి, హాల్లో పొగ అలారానికి టోపీ తొడిగి ఉందేమో చూసి తీసెయ్యండి. వేడిగా చారన్నం పట్టుకెళ్తే మంచిది. ఎవరు పంపారని అడుగుతుంది. డాక్టర్ చెల్లెలని మాత్రం అనకండి. అక్కడే ఎనిమిదేళ్ళ పిల్ల ఉంటుంది, ఆ పిల్లకి కూడా వినపడేట్టు చెప్పండి, పిన్ని పంపిందని. తలుపు తియ్యకపోతే వెనక్కి వచ్చెయ్యకండి. ఇంకాసేపు తట్టండి.